రేల గుత్తి కోసే నేర్పు

ఎండలు ముదిరే వేళ రేలచెట్టు ఆకు రాల్చి పసుపుపచ్చని గుత్తులు వేలాడదీస్తుంది. వాటిని కోసి ఇల్లు అలంకరించడంలో గొప్ప నేర్పుంది. మా ఊరి ఆడవాళ్లు పొద్దెక్కకముందే వెళ్తారు. గుత్తి పైనుంచి కిందికి విచ్చుకుంటుంది. పైపూలు అయిదు రేకులూ పరిచి, కింది మొగ్గలు ఇంకా గుండ్రంగా ఉన్నదాన్నే ఎంచుతారు. పూర్తిగా విచ్చింది దారిలోనే రాలిపోతుంది. కొమ్మ విరవరు, కాడ మొదట్లో గోటితో తుంచుతారు. ఇంటికి రాగానే ఇత్తడి చెంబులో నీళ్లుపోసి, గుత్తి అంచు మీంచి వేలాడేలా పెడతారు. వసారా వెలిగిపోతుంది. నాకు మరీ నచ్చేది, వాళ్లు చెట్టును ఎన్నడూ బోడిచేయరు. ఆ పూలే మూరెడు పొడవు నల్లటి కాయలవుతాయి, వాటి గుజ్జు నాటువైద్యానికి కావాలి. మీరూ కోయండి, ఎక్కువ భాగం చెట్టుకే వదలండి.