మన్రో గొలుసు

పదవి దిగే ముందు పెద్ద అధికారులు దండలు వేయించుకుని, శాలువాలు కప్పించుకుని బయల్దేరతారు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో మాత్రం సొంత దేశానికి ఓడ ఎక్కాల్సిన రోజుల్లో, 1827 మే నెలాఖరున, మన సీమ దారి పట్టాడు. ఇరవై ఏళ్ల కిందట కలెక్టరుగా చేసిన ఊళ్లను పోయే ముందు ఒకసారి చూసి రావాలన్నది ఆయన కోరిక. జూలై 6న పత్తికొండలో కలరా తగిలి, ఆ రాత్రికే కన్నుమూశాడు.

మా నందికొట్కూరు ఆయన చేతి కిందికి రాలేదు. 1839 దాకా ఇది కర్నూలు నవాబుల సీమ. పత్తికొండ, కోయిలకుంట్ల మాత్రం 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లోవి. అక్కడ 1807 దాకా మన్రోనే పెద్ద కలెక్టరు. పాళెగాళ్లను అణిచినవాడూ ఆయనే. 1801లో శిస్తుకు ఎదురు తిరిగిన తెర్నేకల్లు మీదికి కంపెనీ సైన్యం నడిచింది కూడా ఆయన హయాంలోనే. ఆ సంగతి దాచి ఆయన్ను పొగడడం నాకు చేతకాదు. పనితనం మాట వేరు. అది ఎవరిదైనా మెచ్చుకోవాల్సిందే.

1802లో భూముల కొలత మొదలుపెట్టాడు. కొలత తెలిసిన మనుషులే దొరకని కాలం. ఉన్న కొద్దిమందితో మొదలుపెట్టి మిగతావాళ్లకు పని నేర్పించుకున్నాడు. చేతికి ఇచ్చిన గొలుసు పొడవు 33 అడుగులు. ఆ అంకెలోనే ఉంది తెలివంతా. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చెక్క ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరా. పొలం నిడివి పది గొలుసులు, అడ్డం ఎనిమిది వస్తే ఎనభై గుంటలు, అంటే రెండెకరాలు. గట్టు మీద నిలబడిన రైతు కూడా నోటి లెక్కతో సరిచూసుకోవచ్చు. అంతకు ముందు విస్తీర్ణమంటే కరణం కవిలెలో రాసిందే.

కొలిచినవాడి మాటే ఖాయం కాదు. పైవాళ్లు మళ్లీ కొలిచి చూసేవారు. వాళ్ల వెనకాల ఇంకో జట్టు వచ్చి నల్లరేగడి ఏది, ఎర్రనేల ఏది, మెట్ట ఏది, తరి ఏది అని తరగతులు కట్టేది. ఆ తరగతులు రెడ్డి, కరణం, రైతుల ఎదుటే తేలాలి. ఒకరి చేతి పనిని ఇంకొకరు పట్టుకునేలా అమర్చాడు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది ఈ అపనమ్మకమే!

కొలత ముగిశాక ఆయన తేల్చింది వింత: శిస్తు ఎక్కువైంది, నాలుగో వంతు తగ్గించాలి. 1807లో అలాగే రాసి పంపాడు. కంపెనీవాళ్లు పట్టించుకోలేదు, ఊళ్లను గుత్తకిచ్చారు. గుత్తలు దెబ్బతిన్నాక, 1820లో ఆయనే గవర్నరై వచ్చాక, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైతువారీ తిరిగొచ్చింది, శిస్తూ తగ్గింది.

1816 నాటి చట్టాల వెనక కూడా మన్రోనే. పోలీసు పనిని జడ్జీల నుంచి తప్పించి కలెక్టరుకు, తహసీల్దారుకు, ఊళ్లో రెడ్డికి, తలారికి అప్పగించాడు. దొంగ ఎవడో ఊరికే ముందు తెలుస్తుందని ఆయన లెక్క. ఊరి పెద్దే దొంగకు దన్నైతే ఏం చెయ్యాలో ఆ లెక్కలో లేదు. అయినా ఊరి పెద్ద చేసే గ్రామ మునసబు ఉద్యోగం, దాంతోపాటు కరణం ఉద్యోగం 1984లో ఎన్టీ రామారావు రద్దు చేసేదాకా నడిచాయి.

సీమలో కొన్ని ఇళ్లలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. శిస్తు వసూలు చేసిన దొర పేరు బిడ్డకు పెట్టుకోవడం ఇంకెక్కడా నేను వినలేదు.