జాదూగోడాలో బుద్ధుని కన్నీరు

శ్రీప్రకాశ్ 1999లో తీసిన ‘బుద్ధ వీప్స్ ఇన్ జాదూగోడా’ అను డాక్యుమెంటరీ చిత్రము, నేటి జార్ఖండ్‌లోని యురేనియం గనుల చెంత బ్రదుకు ఆదివాసుల గోడును వినిపించును. అచట తవ్వకము 1967లో మొదలయ్యెను. 1974 నాటి పోఖ్రాన్ అణుపరీక్షకు ‘స్మైలింగ్ బుద్ధ’, అనగా చిరునవ్వు బుద్ధుడు, అని సంకేతనామము. ఆ నవ్వు చాటున ఏడ్చిన వారెవరో ఈ చిత్రము పేరే చెప్పుచున్నది.

రోగపీడితులైన బిడ్డలను చూపుట దీనికి బలము; లోపమును అదియే. కన్నీరు మనసును కరగించును గాని, రోగకారణము రేడియేషనే యని రుజువు చేయజాలదు. 2004లో సుప్రీంకోర్టు, అణుశక్తి అధికారుల ప్రమాణపత్రమును నమ్మి, జాదూగోడా వ్యాజ్యమును కొట్టివేసెను. కాగితమునకు కాగితమే బదులు. గనుల వ్యర్థపు చెరువుల చెంత జపాను శాస్త్రజ్ఞుడు కొయిదె హిరోఅకి కొలిచి చూపిన కాలుష్యము అట్టి బదులు. గ్రామస్థులును ఏడ్చుచు కూర్చుండలేదు. రేడియేషనుకు ఎదురు నిలువ ‘జోఆర్’ అను సంఘము పెట్టుకొనిరి.

అచటి ఖనిజసారము హైదరాబాదులోని అణు ఇంధన సంస్థకు చేరునదే. కావున ఈ గోడు తెలుగువారికి పరాయిది కాదు. చిత్రము చూచి జాలిపడుట చాలదు, లెక్క అడుగుట నేర్వవలెనని మా అభిప్రాయము.