దేవదాసు సీసా, డిక్విన్సీ చుక్కలు

దేవదాసు గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా చూడనివాళ్లకు కూడా నాగేశ్వరరావు మత్తుకళ్లూ ఘంటసాల గొంతూ తెలుసు. థామస్ డిక్విన్సీ మనకంత దగ్గరివాడు కాదు. 1821లో ‘లండన్ మ్యాగజైన్’లో తన నల్లమందు అలవాటును తానే బయటపెట్టుకున్న ఇంగ్లీషు వ్యాసకర్త ఆయన.

ఇద్దరినీ మత్తు వైపు తోసింది నొప్పే. మనవాడిది పార్వతి దక్కని బాధ అయితే, ఆయనది 1804లో వచ్చిన పంటిపోటు. అలాగే ఇద్దరికీ సరుకు కోసం వెతుక్కునే పని పడలేదు. సారాలో కరిగించిన నల్లమందును, అంటే లాడెనమ్‌ను, అప్పటి ఇంగ్లండు మందుల కొట్లలో అడిగినవాళ్లకల్లా అమ్మేవారు.

తేడా లెక్క దగ్గర వస్తుంది. దేవదాసు ఎంత తాగాడో మనమెవరం అడగం. డిక్విన్సీ మాత్రం చుక్కలు లెక్కపెట్టాడు: ఒక దశలో రోజుకు 8,000. నిన్నటి మోతాదు ఇవాళ చాలదని ఒళ్లు మొండికేయడం ఆ అంకెలోనే ఉంది. తగ్గించబోతే తుమ్ములు పట్టుకున్నాయట, ఒక్కోసారి ఏకధాటిగా రెండు గంటలు! ఇంత చిల్లర బాధను మన విషాద నాయకుడికి ఎవరు రాస్తారు? సినిమాలో విరహం కనిపించినంతగా కాలేయం కనిపించదు.

అలాగని డిక్విన్సీని నిజాయితీకి నమూనాగా నిలబెట్టలేను. తన రాతలో ‘బాధలు’ అని పేరుపెట్టిన భాగంలోనూ ఆయన నల్లమందు కలలను, వాటిలోని మొసళ్లతో సహా, ఎంత అందంగా రాశాడంటే చదివేవాడికి భయం బదులు ఆశ పుడుతుంది. ఘంటసాల పాట చేసిందీ అదే.

వైద్యం సంగతి మరోలా ఉంటుంది. ఏళ్లతరబడి విపరీతంగా తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు కనిపెట్టుకుని ఉండాలి. నల్లమందు మానడం నరకమే గానీ, సాధారణంగా చంపదు. మోతాదు మించితే ఊపిరి ఆపేసి చంపుతుంది. దేవదాసుకు ‘తాగుడు మానెయ్’ అని చెప్పేవాళ్లు అడుగడుగునా ఉంటారు, ఎలా మానాలో చెప్పేవాడే ఉండడు. డిక్విన్సీ తగ్గించాడు, మళ్లీ పెంచాడు, చివరిదాకా పూర్తిగా వదిలించుకోలేదు.

దేవదాసు చావకపోతే ఆ కథకు ముగింపు లేదు. డిక్విన్సీ 74 ఏళ్లు బతికి, 1856లో ఆ నల్లమందు కథనాన్నే బాగా పెంచి మళ్లీ అచ్చువేశాడు. మొదటి కూర్పే నయం.