పేరులో ఇటలీ, పెనంలో చైనా

'ఇటాలియన్ పోర్క్ స్టిర్ ఫ్రై' రెసిపీలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఏది చూసినా కాస్త అటూ ఇటూగా ఒకటే: సన్నగా కోసిన పంది మాంసం, కాప్సికం, జుకినీ, ఉల్లిపాయ, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండు బేసిల్, ఎండు ఒరెగానో, దించాక పైన కాస్త పార్మెజాన్ చీజ్. అరగంటలోపు పని. ఆఫీసు నుంచి వచ్చి చాలాసార్లు వండుకున్నాను. తినడానికి బాగానే ఉంటుంది. కానీ ఓ మోస్తరు అనువాదం చదివినట్టుంటుంది. ప్రతి మాటా అర్థమవుతుంది, వాక్యం మాత్రం మనసుకు పట్టదు. ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు ఆ పేరులోని మూడు మాటల మీదే అనుమానం వచ్చింది.

ముందు స్టిర్ ఫ్రై. ఇది పుట్టడమే అనువాదంలో పుట్టింది. చైనీస్‌లో ఈ పద్ధతికున్న క్రియాపదానికి ఇంగ్లీషులో సరైన మాట లేక, బువే యాంగ్ చాఓ 1945లో వచ్చిన తన 'హౌ టు కుక్ అండ్ ఈట్ ఇన్ చైనీస్' పుస్తకంలో ఈ మాట వాడారు. ఆవిడ డాక్టరు. భర్త యువెన్ రెన్ చాఓ పేరున్న భాషాశాస్త్రవేత్త. తన చైనీస్‌ని కూతురు ఇంగ్లీషులోకి మారిస్తే, అది చప్పగా ఉందని భర్త చాలావరకు మళ్ళీ చైనీస్ చేసేశాడని ఆవిడే సరదాగా రాసుకున్నారు. కలపడం, వేయించడం అన్న రెండు ముక్కల్లో ఆ పద్ధతి పట్టదని ఆవిడకు తెలుసు. పెద్ద మంట, కొద్ది నూనె, చిన్న ముక్కలు, ఆగని చెయ్యి, తక్కువ టైము, అన్నీ ఉంటేనే అది అది.

ఇటాలియన్ రుచి చాలావరకు దీనికి ఎదురు దారి. అక్కడి ఎన్నో ఇంటివంటలకు పునాది సొఫ్రిత్తో. ఉల్లి, క్యారట్, సెలరీ లాంటివి సన్నగా తరిగి, నూనెలోనో వెన్నలోనో ఓపిగ్గా మగ్గించడం. 1973లో మొదటి వంటల పుస్తకం తెచ్చిన మార్చెల్లా హజాన్ పట్టుదలంతా ఇక్కడే. ముందు వేసినదాని రుచి తర్వాత వేసినదానికి పట్టేదాకా ఆవిడ మనల్ని కదలనివ్వరు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఈ రెండు సిస్టమ్స్‌కీ గడియారాలు వేరు. రెసిపీ రాసేవాళ్ళు ఆ తేడా జోలికే పోరు. ఎండు ఆకుల సీసా మూత తీసి, ఇదిగో ఇటలీ అంటారు. ఆ ఎండు ఆకులకి కాస్త తడీ, టైమూ కావాలి. పెద్ద మంట మీద వేస్తే మాడతాయి, చివర్లో చల్లితే గడ్డిలా తగుల్తాయి.

అలాగని ఈ కలయికే తప్పనను. పంది మాంసానికి ఇటలీలో పాత జోడీ ఒకటుంది, సోంపు. మధ్య ఇటలీ పోర్కెత్తాలో, టస్కనీ వాళ్ళ ఫినొక్కియోనా సలామీలో ఆ వాసనే. సోంపు మంటకి జంకదు. వేడి నూనెలో పడ్డ క్షణాల్లో, మన పోపులాగే, ఇల్లంతా చెప్పేస్తుంది. రెండోది వైన్. వేడి పెనంలో వైన్ పోసి ఆవిరి కానివ్వడం రెండు దేశాల వంటలోనూ ఉంది. ఒకరిది బియ్యంతో చేసింది, ఇంకొకరిది ద్రాక్షతో. సోంపు, వెల్లుల్లి, ఎండుమిర్చి, కాస్త వైట్ వైన్, దించాక తురిమిన నిమ్మతొక్క. ఇలా వండితే చీజ్ లేకపోయినా ఇటలీ వినిపిస్తుంది, కూరగాయల కరకర కూడా పోదు.

ఇక మిగిలింది పోర్క్. మనవరకు ఇదీ అనువాదమే. మెనూలో పోర్క్ అని ఉంటే ఉత్సాహంగా ఆర్డర్ చేసే మనవాళ్ళే, పంది కూర అంటే మొహం చిట్లిస్తారు. తెలుగులో పంది ఒక తిట్టు. దాన్ని పెంచినవాళ్ళనీ తిన్నవాళ్ళనీ, ఎరుకలవాళ్ళనీ దళితుల్నీ, ఆ పేరుతోనే దూరం పెట్టారు. అదే మాంసం ఇంగ్లీషు పేరు పెట్టుకుని ఇటలీ ఆకులు చల్లుకుంటే మాత్రం కులం గుర్తుకు రాదు. ఫ్యూజన్ అన్న మాట మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. ఎవరి వంటో, ఎవరి మాటో తెలుసుకునే పని లేకుండా తినేయొచ్చని అది మనకి హామీ ఇస్తుంది.

కాబట్టి వండండి, మంచి వంటకమే. ఒరెగానో సీసా పక్కన పెట్టి సోంపు వెయ్యండి. రాత్రికి అమ్మ ఫోన్ చేసి ఏం వండుకున్నావని అడిగితే, పంది మాంసం వేపుడు అని చెప్పండి.