జపాను ఖడ్గములకు విలువ కట్టుట ఎట్లు?

1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగిసినప్పుడు జపాను సైన్యము అప్పగించిన ఖడ్గములలో చాలవాటిని అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా సైనికులు గుర్తుగా తమ ఇండ్లకు తీసికొనిపోయిరి. వాటిలో అనేకమునకు పైవేషము ఒక్కటే. లోహపు ఒర, త్రాడు చుట్టిన పిడి, సైన్యపు చిహ్నములు. లోపలి అలుగు మాత్రము ఒక్కటి కాదు. కొన్నింటిలో కర్మాగారమున అప్పుడే తయారైన అలుగు ఉండెను. మరికొన్నింటిలో 400, 500 సంవత్సరములనాటి అలుగు ఉండెను. సైన్యాధికారులు తమ ఖడ్గములను సొంత ఖర్చుతో సమకూర్చుకొనెడివారు. తాతముత్తాతలనాటి అలుగు ఇంటిలో ఉన్నవారు దానికే సైన్యపు పిడిని, ఒరను అమర్చుకొనిరి.

జపాను ఖడ్గములను సేకరించుట దేశదేశములలో ఒక వ్యాసంగమగుటకు ఇది ఒక ముఖ్యకారణము. ఒర ఒకటి, లోపలిది మరొకటి అయినప్పుడు విలువ కట్టుట ఎట్లు? సేకరించువారు సాధారణముగా మూడు కొలతలు వాడుదురు: చేసినవాని పేరు, వయస్సు, కళావిలువ. ఈ మూడును ఉపయోగకరములే. కాని వీటికి ఆధారమైన నాలుగవ కొలత, అనగా ఉక్కు, తరచుగా వెనుకబడుచున్నది. సేకరణలోని పెక్కు పొరపాట్లకు మూలము ఇదియే.

పేరు అను కొలత

ఖడ్గపరీక్ష జపానులో పురాతనమైన విద్య. హోనామి వంశమువారు తరతరములుగా ఖడ్గములకు మెరుగుపెట్టుచు, పాలకుల కొరకు వాటిని పరీక్షించి నిర్ణయపత్రములు వ్రాసి యిచ్చెడివారు. పిడిలో దాగియుండు తోకభాగముపై కమ్మరి తన పేరు చెక్కును. శిక్షణలో ఆ భాగమును కప్పివేసి, అలుగు వంపు, ఉక్కులోని పొరల జాడ, పదునురేఖ ఇవి మాత్రమే చూచి, ఏ కాలమువాడు, ఏ సీమవాడు, ఏ కమ్మరి చేసెనో చెప్పవలెను. తరువాతనే పేరు చూపుదురు. ముందు పరిశీలన, పిదప ఊహ, చివర నిర్ధారణ. శాస్త్రపద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. మెచ్చదగినది.

బజారులో ఈ క్రమము తలక్రిందులైనది. అక్కడ పేరు ముందు, పరిశీలన వెనుక. సుమారు 1300 ప్రాంతమున కామకురాలో పనిచేసిన మసామునె అందరికంటె ప్రసిద్ధుడు. అతని సంతకముగల అలుగులు మిక్కిలి అరుదు. అతనివని చెప్పబడు వాటిలో అధికభాగము తరువాతి పరీక్షకుల నిర్ణయమువలన అతనికి చెందినవే. పదునేడవ శతాబ్దమువాడైన కొతెత్సు పేరును దొంగసంతకములు చెక్కువారు విరివిగా వాడుకొనిరి. పొడవైన పాత అలుగులను వాడుకకు అనువుగా తోకవైపు కత్తిరించుట కూడ కలదు. అట్టివాటిలో నిజమైన సంతకమే పోయినది. కావున సంతకము ఉండుట నిజమునకు రుజువు కాదు, లేకుండుట లోపమునకు గుర్తు కాదు. అది ఒక వాదము మాత్రమే. సాక్ష్యము అలుగులో ఉన్నది.

ఉక్కు చెప్పు సాక్ష్యము

సంప్రదాయ ఖడ్గమునకు ముడిసరకు ఇనుప ఇసుక. దానిని కొయ్యబొగ్గుతోపాటు తతారా అను మట్టికొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాల్చుదురు. వచ్చిన ముద్దలో కర్బనము అంతట సమానముగా ఉండదు. కమ్మరి దానిని ముక్కలు చేసి, ఏరి, కాల్చి, సాగగొట్టి, మడిచి, మరల సాగగొట్టును. ఇట్లు చేయుటవలన చిట్టెము బయటకు పోవును, కర్బనము సమానముగా సర్దుకొనును. వేలసార్లు మడుతురను మాట కట్టుకథ. పదిహేనుసార్లు మడిచిన చాలును, లెక్కప్రకారము 32,768 పొరలు ఏర్పడును. అంతకు మించి మడిచినచో కర్బనము మండిపోయి ఉక్కు మెత్తబడును. సాధారణముగా లోపల మెత్తని ఇనుము, పైన గట్టి ఉక్కు ఉంచి రెంటిని అతుకుదురు. అందుచే అలుగు పదునుగా ఉండియు పెళుసుగా విరగదు.

అసలు నేర్పు చివరి ఘట్టమున ఉన్నది. వాదర పొడవున పలుచగాను, వెన్నువైపు మందముగాను మట్టి పూసి, ఎఱ్ఱగా కాల్చి, నీటిలో ముంచుదురు. మట్టి పలుచగానున్న వాదర క్షణములో చల్లారి మార్టెన్‌సైట్ అను మిక్కిలి కఠినమైన రూపము పొందును. వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా నిలుచును. మార్టెన్‌సైట్ ఎక్కువ స్థలమాక్రమించును గనుక వాదర సాగి, అలుగు వెన్నువైపునకు వంగును. ఖడ్గమునకు ఆ సొగసైన వంపు చాలవరకు నీటిలోనే వచ్చుచున్నది. కఠినభాగమునకు, మెత్తని భాగమునకు నడుమనున్న సరిహద్దే మెరుగుపెట్టిన తరువాత తెల్లని మబ్బువలె కనుపించు పదునురేఖ. అందులో కంటికి ఆనునంతటి మెరపుకణములను నియె అనియు, విడివిడిగా కనుపించని మంచుతెరను నియొయి అనియు జపానువారు వేరుచేసి చెప్పుదురు. రెండును మార్టెన్‌సైట్ కణముల పెద్దతనపు, చిన్నతనపు భేదములే. రసికులు మెచ్చిన అందమును లోహశాస్త్రజ్ఞుడు కొలుచుచున్నాడు. ఇరువురు చూచునది ఒకే వస్తువును.

ఈ సంగతి చాటినవారిలో తోక్యో విశ్వవిద్యాలయపు లోహశాస్త్రాచార్యుడు తవారా కునియిచి ముఖ్యుడు. ఆయన ఖడ్గపరిశోధన గ్రంథరూపమున 1953లో వెలువడినది. లాస్ అలమోస్‌లో ప్లుటోనియము లోహమును పరిశోధించిన సిరిల్ స్టాన్లీ స్మిత్, 1960లో ప్రకటించిన లోహనిర్మాణశాస్త్ర చరిత్రలో జపాను అలుగులకు స్థానమిచ్చెను. అదే గ్రంథమున డమాస్కసు ఉక్కునుగూర్చియు ఉన్నది. ఆ జాతి ఉక్కునకు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ప్రసిద్ధికెక్కిన చోటు. అక్కడి మూసలలో కరగిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయెడివారు. మూస ఉక్కులోని నీటికెరటములవంటి గీతలు కర్బనము అధికమై లోహములోనే పేరుకొన్న కార్బైడు బారులవి. జపాను అలుగులోని జాడలు మడతలవలనను, నీటివలనను కలిగినవి. చూపునకు పోలిక ఉన్నను పుట్టుక వేరు. కంటిచూపు ఒక్కటే చాలదనుటకు ఇది మంచి నిదర్శనము.

అలుగు లోపలి నిర్మాణమును సూక్ష్మదర్శినితో చూడవలెనన్న దానిని కోయవలెను. అమూల్యమైన ఖడ్గమును ఎవరు కోయనిత్తురు? ఈ చిక్కును న్యూట్రాను కిరణములు తీర్చినవి. ఫ్లారెన్సులోని స్టిబ్బర్టు మ్యూజియముయొక్క జపాను ఖడ్గములను గీతయైన పడకుండ ఈ పద్ధతిని పరీక్షించిరి. ఉక్కులో కార్బైడు పాలు ఎంత, చిట్టెము ఎంత, ఏ భాగమున ఒత్తిడి నిలిచియున్నది అను విషయములు ఇట్లు తెలియుచున్నవి.

యుద్ధకాలపు ఖడ్గములు

1876లో జపాను ప్రభుత్వము పౌరులు ఖడ్గము ధరించుటను నిషేధించగా కమ్మరుల వృత్తి దాదాపు అడుగంటెను. 1930లలో సైన్యము పెరుగుటతో ఖడ్గమునకు మరల గిరాకి వచ్చెను. ఈ కాలపు ఖడ్గములన్నిటిని ఒకే మూటగట్టి ‘కర్మాగారపు సరకు’ అని త్రోసివేయుట సేకరణకారులలో తరచుగా కనుపించు లోపము. నిజమునకు ఇవి కనీసము మూడు జాతులు.

మొదటివి పూర్తిగా సంప్రదాయ పద్ధతిలో చేసినవి. యసుకుని మందిరపు ఆవరణలో 1933 మొదలు 1945 వరకు పనిచేసిన కమ్మరులు సుమారు 8,100 ఖడ్గములు తయారుచేసిరి. రెండవవి మిల్లు ఉక్కుతో చేసి నూనెలో ముంచినవి. నూనె నెమ్మదిగా చల్లార్చును గనుక అలుగు పగులుట తక్కువ. అందుచేతనే పదునురేఖ నిర్జీవముగా ఉండి మెరపుకణములు కనరావు. వీటిలో చాలవాటి తోకపై ముద్రలుండును. మూడవవి 1935లో చిన్న అధికారుల కొరకు నిర్ణయించిన యంత్రనిర్మిత ఖడ్గములు. వీటి అలుగుపై వరుససంఖ్య ఉండును. దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ చేసిన ఖడ్గములు ఈ మూడింటిలో దేనిలోను ఇమడవు. గట్టి ఉక్కు గొట్టములో మెత్తని ఇనుపకడ్డీ దూర్చి సాగగొట్టి వాటిని చేసిరి. పాతకమ్మరి చేతితో సాధించినదానిని కొత్త ఇంజనీరు గొట్టముతో సాధించెను. దీనిని కళాఖండమనుట అతిశయము. పనికిమాలినదనుట అజ్ఞానము.

చట్టము, సేకరణ, బాధ్యత

యుద్ధానంతరము ఆయుధములన్నిటిని స్వాధీనపరచవలెనని ఆక్రమణసైన్యము ఆజ్ఞాపించెను. హొమ్మ జుంజి మొదలైన విద్వాంసులు కళావిలువగల ఖడ్గములను మినహాయింపవలెనని వాదించి నెగ్గిరి. ఆ వాదమే లేకున్న నేడు చూచుటకు పెక్కు ఖడ్గములు మిగిలియుండెడివి కావు. అప్పటికి అది సరియైన వాదము. కాని అదే సూత్రము 1958 నాటి చట్టములోనికి వచ్చి, సంప్రదాయ పద్ధతిలో చేసినవాటికే నమోదు అను నియమమైనది. దాని ఫలితముగా యుద్ధకాలపు మిల్లు ఉక్కు ఖడ్గము జపానులో బయటపడినచో నాశనమగుటయే సామాన్యము. అవి తయారైన దేశమున అరుదై, సముద్రము దాటినచోట్ల మిగిలినవి.

అవి కళాఖండములు కావు, నిజమే. కాని లోహపరిశ్రమ చరిత్రకు ఆధారములు. మరొక చరిత్రకును ఆధారములే. ఇట్టి ఖడ్గములతో బందీల తలలు నరికిన సంగతి యుద్ధనేరముల విచారణలలో రుజువైనది. వీరగాథలు చెప్పి వీటిని అమ్మువారు ఆ చరిత్రను కప్పివేయుచున్నారు. కరగించివేయువారును దానినే కప్పివేయుచున్నారు.

పేరునే నమ్మినచో ఏమగునో హొంజో మసామునె కథ తెలుపును. తొకుగావా వంశమువారి ఆ ఖడ్గమును 1945 డిసెంబరులో తోక్యోలోని ఒక పోలీసు ఠాణాలో అప్పగించిరి. పిదప దాని జాడ తెలియలేదు. పేరు మాత్రము లోకమంతట నిలిచియున్నది. ఎక్కడనైన ఒక అటుకుమీద అది పడియున్నచో, అది అదేనని చెప్పగలది పేరు కాదు. దాని వంపు, పదునురేఖ, ఉక్కు చెప్పవలెను.

అట్టి సాక్ష్యమును తెలియక చెరుపువారు తక్కువమంది కారు. తోకమీది నల్లని తుప్పు అలుగు వయస్సునకు గుర్తు. దానిని శుభ్రపరతుమని గీకివేయుదురు. పదునురేఖ కనుపించుటకు ఆమ్లము పూయుదురు. సానరాయిపట్టి కొంత ఉక్కును అరగదీయుదురు. ఒకసారి పోయిన ఉక్కు మరల రాదు. ఖడ్గము సేకరించువాడు మొదట నేర్వవలసినది కొనుట కాదు, ముట్టకుండ చూచుట. పేరు చదువుటకు ముందు ఉక్కును చదువగలిగినవానికే పాత ఖడ్గమును, యుద్ధకాలపు ఖడ్గమును దేనికది ఏమో అట్లే తెలియును.