ఒళ్లు చూడాలి, రెక్కలు కాదు

నల్లటి రెక్కలు, ముందు రెక్కల మీద తెల్లటి పట్టీలు, వెనక రెక్కల అంచున ఎర్రటి మచ్చలు. తిరువాలంగాడు వటారణ్యేశ్వరుడి గుడి దరి తోటల్లోనో, తిరుత్తణి కొండవాలు పొదల్లోనో ఇలాంటి సీతాకోకచిలుక కనబడగానే ‘క్రిమ్సన్ రోజ్’ అని రాసేసుకోకూడదు. ఒళ్లు చూడాలి. తల, పొట్ట ఎర్రగా ఉంటే క్రిమ్సన్ రోజే. నల్లగా ఉంటే వేషం కట్టిన కామన్ మార్మన్ ఆడది.

వేషానికి కారణం ఆకుల్లో ఉంది. క్రిమ్సన్ రోజ్ గొంగళిపురుగు నల్లేశ్వరి తీగ మేసి, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి నోరు చేదెక్కిన పక్షి మళ్లీ ఆ రంగుల జోలికి రాదు. మార్మన్ పురుగు పెరిగేది పెరట్లో కరివేపాకు, నిమ్మ చెట్ల మీద. దానికి విషం లేదు, అరువు రంగులే రక్ష. ఈ తరహా అనుకరణను అమెజాన్ అడవుల్లో గమనించి హెన్రీ బేట్స్ 1862లో వివరించాడు. మార్మన్ ఆడవాటిలో కొన్ని కామన్ రోజ్‌ను అనుకరిస్తాయి, మరికొన్ని మగదానిలాగే ఉండిపోతాయి. ఇన్ని రూపాలనూ నడిపేది ‘డబుల్‌సెక్స్’ అనే ఒకే జన్యువని కృష్ణమేఘ్ కుంటే బృందం 2014లో తేల్చింది.

జిల్లేడు దగ్గరా ఇదే నాటకం. అక్కడ పెరిగే నారింజరంగు ప్లెయిన్ టైగర్‌కు నకలు డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దాని పిల్లలు తినేది గంగవాయిలి కూర. వెనక రెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలుంటే టైగర్. పై అంచున ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై.

అందుకే అందమైన ఫొటో వేరు, పనికొచ్చే ఫొటో వేరు. పూలమీద రెక్కలు విప్పిన బొమ్మ క్యాలెండరుకు బాగుంటుంది. గుర్తుపట్టడానికి మూసిన రెక్కల అడుగువైపు, ఒంటి పక్కభాగం కావాలి. వేలిగోరంత నీలి జాతుల్లో ఇది మరీ ముఖ్యం: డార్క్ గ్రాస్ బ్లూకూ లెసర్ గ్రాస్ బ్లూకూ తేడా, ముందు రెక్క అడుగున నడిమి గదిలో ఒక చుక్క ఉందా లేదా అన్నదే. లెన్స్ రెక్కకు సమాంతరంగా లేకపోతే ఆ చుక్క మసకబారుతుంది.

పొద్దున ఎండ కాసుకునే వేళ వీటికి రెక్కలింకా చురుకెక్కవు. దగ్గరికి వెళ్లడానికి అదే అదను. నీడ మీద పడనీయకుండా, ఒంగి, మెల్లగా కదలాలి. చెరువు గట్టున తడిమట్టి దగ్గర కూర్చుంటే ఇంకా మేలు. ఉప్పు కోసం అక్కడ చేరేవి ఎక్కువగా మగవి. తాగుతున్నంతసేపూ మనిషిని అంతగా పట్టించుకోవు. వలతో పట్టి, సూదితో గుచ్చే పాత పద్ధతి ఇక్కడ అక్కర్లేదు.

రుతువు కూడా మోసం చేస్తుంది. పీకాక్ పాన్సీకి వానాకాలంలో రెక్కల అడుగున కళ్లలాంటి మచ్చలుంటాయి. ఎండాకాలపు తరంలో అవి పోయి, రెక్క ఎండుటాకులా కనిపిస్తుంది. తేదీ లేని ఫొటో చూసి రెండు జాతులని వాదించుకునేవాళ్లున్నారు.

ఊరి పేరు కూడా రాయాలి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఆ ముందరి కాలపు సీతాకోకచిలుక నమూనా చీటీ మీద ఉత్త ‘చిత్తూరు’ అని ఉంటే, అది నాగలాపురం కొండల్లో దొరికిందో తిరుత్తణి కొండమీద దొరికిందో ఎవరు చెప్పగలరు? జిల్లాతో ఆగకుండా ఊరు, తేదీ, వాలిన మొక్క, వీలైతే ఆ మొక్క ఆకుది మరో ఫొటో జతచేస్తే ఆ నమోదు ఇంకొకరికి అక్కరకొస్తుంది.