ఆకుపచ్చ సిరా, ఆవకాయ పుస్తకం

మా నాన్నగారు గెజిటెడ్ ఆఫీసరయిన రోజున ఇంటికి రెండు వస్తువులొచ్చాయి. ఒకటి లడ్డూల పొట్లం, రెండోది ఆకుపచ్చ సిరాబుడ్డి. లడ్డూలు మాకు, బుడ్డి ఆయనకు. గెజిటెడ్ వాళ్ళు ఆకుపచ్చ సిరాతో సంతకం చెయ్యడం ఆనవాయితీ కదా! ఒకసారి అమ్మ ఆ సిరాతో చాకలిపద్దు రాయబోతే, "అది సంతకాలకి. నువ్వు పెన్సిల్‌తో రాసుకో" అన్నారు. అమ్మ మారుమాటాడకుండా పెన్సిలే తీసుకుంది. ఆయన రిటైరయ్యాక మిగిలిన సగం బుడ్డి అమ్మ చేతికొచ్చింది. దానితో తన ఊరగాయల లెక్కలన్నీ ఓ నోటుబుక్కులో రాసిపెట్టుకుంది.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. అంచులు చివికిపోయాయి. మా అమ్మాయి కోసం దాన్ని తిరగరాద్దామని, అదీ ఆకుపచ్చ సిరాతోనే రాద్దామని బుద్ధి పుట్టింది. "ఫోటో తీసి ఫోన్లో పంపితే చాలదా అమ్మా?" అంది అది. పంపాను. అయినా రాయాలనిపించింది, ఏం చెయ్యను!

సిరా కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. ఇందులో తప్పులన్నీ సిరావి కావు. రాజమండ్రి రత్నం పెన్నులో పోసి, చేతికందిన ప్రతి కాగితం మీదా ఒకటే వాక్యం రాశాను: "సోలెడు ఉప్పు, గిద్దెడు మెంతులు."

మొదట పిల్లల లాంగ్ నోటుబుక్కు. అక్షరాలకి వేళ్ళు మొలిచాయండీ! సున్నలు పూడిపోయి చుక్కలయ్యాయి. వెనక్కి తిప్పితే అక్కడా అదే వాక్యం, అద్దంలో చూసినట్టు. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలాయె, గుండ్రం పూడితే ఇంకేం మిగులుతుంది? అట్ట మీద పేజీలెన్నో వేస్తారు, ధర వేస్తారు, రంగుల బొమ్మ వేస్తారు. ఈ కాగితం సిరాకి పనికొస్తుందో లేదో మాత్రం వెయ్యరు. అసలు సంగతేమిటంటే, కాగితం తయారుచేసేటప్పుడు గంజి లాంటి పదార్థం పట్టిస్తారు. చీరకి గంజి పెట్టినట్టేననుకోండి. అది సరిగ్గా పడితే సిరా పైనే ఆగి ఆరుతుంది. పడకపోతే పీచుల వెంట పాకుతుంది.

జిరాక్సు కాగితం దీనికన్నా నయం. కట్ట మీద 75 జి.ఎస్.ఎం. అని వుంది. చదరపు మీటరు కాగితం 75 గ్రాములు తూగుతుందని అర్థమట. ఎ-ఫోర్ సైజువి పదహారు కలిపితే చదరపు మీటరు. వంటింటి త్రాసులో పదహారూ పెట్టి తూచాను, సరిపోయింది! మావారు చూసి, "ఇవాళ కూర కాగితాలేనా?" అన్నారు. రాత చదవడానికి ఇబ్బంది లేదుగానీ, రంగు మాత్రం పాలిపోయి, ఆషాఢంలో పుట్టింటికెళ్ళిన కొత్తపెళ్ళికూతురి మొహంలా వుంది.

శుభలేఖ వెనకవైపు మరీ విడ్డూరం. నున్నటి పూత కదా, తామరాకు మీద నీళ్ళలా సిరా నిలబడిపోయింది. పది నిమిషాలాగి ముట్టుకుంటే మెంతులన్నీ నా బొటనవేలికొచ్చాయి.

చేతితో చేసిన కాగితం మీద ఎంత ఆశ పెట్టుకున్నానో! చూడ్డానికి ముచ్చటగా వుంది, ధరా ముచ్చటగానే వుంది. పాళీకి పీచు తగులుకుంది, సిరాని అద్దుడు కాగితంలా పీల్చేసింది. అన్ని చేతి కాగితాలూ ఇంతేనని అనను, నేను కొన్నది ఇంతే.

ఇక బాండు కాగితం. అబ్బ, దాని మీద ఆ రంగు చూడాలి! గీత మొదలైన చోట లేతగా మామిడి చిగురులా, వంపు తిరిగి ఆగిన చోట ముదురాకులా. సున్నల కడుపులు తేటగా వున్నాయి. ఒక అక్షరంలో రెండు మూడు పచ్చలు కనిపిస్తుంటే, పాబ్లో నెరూడా అంతటి కవి ఆకుపచ్చ సిరాతో ఎందుకు రాసేవాడో కొంచెం తెలిసినట్టనిపించింది. నిస్సందేహంగా దీనికే మొదటి మార్కు వేశాను.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఇది వంటింట్లో వుండాల్సిన పుస్తకం. కాగితాలన్నిట్నీ ఒక్కో ముక్క నీళ్ళలో ముంచాను. బాండుతో సహా అన్నీ వెలిసిపోయాయి. అద్దుడు కాగితం మీద ఒక బొట్టు వేసి తడిపితే, ఒక అంచున పసుపూ ఇంకో అంచున నీలమూ విడిపోయాయి. ఇందులో ఆకుపచ్చ అనేదే లేదు, రెండు రంగుల కాపురం! అమ్మ పుస్తకంలో నూనె జాడీ కింద తడిసిన పేజీలో మెంతుల లెక్క నీలంగా ఎందుకుందో అప్పుడర్థమైంది. కిటికీలో ఇరవై రోజులు ఎండకి పెట్టిన ముక్కలైతే మరీ తెల్లబోయాయి.

పూర్వం మన వాళ్ళు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకునేవారు. అన్నభేది చూడ్డానికి పచ్చగానే వుంటుంది, సిరా మాత్రం నల్లన. గాలి తగిలేకొద్దీ నల్లబడి, నీళ్ళకి కరగకుండా కాగితాన్ని పట్టుకుంటుంది. కాకపోతే అందులో ఆమ్లం ఎక్కువైతే కాగితాన్నే తినేస్తుంది.

గెజిటెడ్ సంతకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తరం మాది. 2014లో కేంద్ర ప్రభుత్వం, చాలా వాటికి ఎవరి కాగితాల మీద వాళ్ళే సంతకం చేసుకుంటే చాలంది. అప్పటికి అమ్మ లేదు.

లెక్కలన్నీ నీళ్ళకి చెదరని నల్లసిరాతో బాండు మీద రాస్తున్నాను. మాగాయ దాకా వచ్చాను. ప్రతి పేజీ కిందా అమ్మ పేరు మాత్రం ఆకుపచ్చ సిరాతో, సంతకంలా. తడవకుండా ప్లాస్టిక్ కవర్లు తెస్తానని మా అమ్మాయి ఫోన్ చేసింది. పన్లో పనిగా గిద్దెంటే ఎన్ని గ్రాములో కూడా రాయమంది. దేని గిద్దె? ఉప్పుదా, మెంతులదా? మళ్ళీ త్రాసు దించాలి.